గోడ మీద ముగ్గు గీత

డిసెంబరు 6, శనివారం

మళ్లీ మంచు. జీడితోటలు దాటేదాకా రోడ్డు ఉందో లేదో తెలీలేదు. హెడ్‌లైటు వేస్తే కళ్లెదుట తెల్ల దుప్పటి ఆరేసినట్టుంది, తీసేస్తే చీకటి. కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డు అంచు వెతుక్కుంటూ పోనిచ్చాను. కాలినడకన వెళ్లేవాడు నాకంటే ముందే చేరతాడు. అయినా మలుపు దగ్గర కల్వర్టు కనబడలేదు… బ్రేకు మీద నిలబడిపోయాను. ముందు చక్రం అంచు దాటి ఆగింది. కింద కాలవ.

వెనక సీట్లో పడుకున్న బావ ముందుకొచ్చి పడ్డాడు. సూదులు గుచ్చే ఎడం చెయ్యిని గుండెకి అదుముకుని అలాగే ఉండిపోయాడు. ఇదే కారు టాక్సీగా నడిపి మమ్మల్ని పోషించినవాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పలాస ఆసుపత్రికి చేరేసరికి డయాలసిస్ మిషన్ మీద ఉండాల్సిన సమయం చాలా పోయింది. నర్సమ్మ మాత్రం ఏం చేస్తుంది, వెనక షిఫ్టు వాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. మాది తెల్లారగట్ల మొదటి షిఫ్టు, పగటిది అడిగి ఎన్నాళ్లో అయింది. ఖాళీ ఉంటేగా.

తిరిగొస్తుంటే వెనక నుంచి — "దమయంతీ, ఇంక మంచు పడిన రోజు నాను రాను."

"రాకపోతే?"

"రానంతే."

డిసెంబరు 7, ఆదివారం

రాత్రి ఏదో అన్నాడులే, పొద్దున్నకి మర్చిపోతాడు అనుకున్నాను. మర్చిపోలేదు.

"పోతే నాను ఒక్కుణ్ని పోతాను. నువ్వు కూడా కాలవలో పడితే ఆ గుంటకి ఎవుడున్నాడే?" గుంట అంటే మా అమ్మాయి రమ్య. టెక్కలి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటోంది. దానికి ఈ గొడవ చెప్పలేదు.

అత్త కూడా చెప్పి చూసింది. నాకు అత్తగారు కాకముందు నుంచీ మేనత్త, నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని "ఎల్లరా నాయినా" అంటుంది, అతను గోడవైపు తిరుగుతాడు.

వారానికి మూడు టర్నులు. మంగళ, గురు, శని. ఒకటి మానేస్తే కాళ్లు ఉబ్బుతాయి. వరసగా రెండు మానేస్తే ఊపిరి అందదు. ఆ తర్వాతది రాయను.

మంచులో దారి కనబడకే కదా రానంటున్నావు. సరే. మంచులో కనబడే లైట్లే పెట్టిస్తాను. అప్పుడేం వంక చెబుతావో చూస్తాను.

డిసెంబరు 8, సోమవారం

అంగన్‌వాడీ మూసేసి, పిల్లల్ని ఇళ్లకి పంపేసి, అటునుంచటే కాశీబుగ్గ. ఫాగ్ లైట్లు ఒక జత, పసుపు అద్దాలవి. తెల్లవి చూపిస్తే వద్దన్నాను, మంచులో పసుపే నయమని బావ ఎప్పుడో చెప్పిన మాట గుర్తుంది. లైట్లు, వైర్లు, స్విచ్చి, రిలే అని ఒక చిన్న నల్ల డబ్బా… షాపతను ఒక్కొక్కటీ చూపించి పెట్టెలో పెట్టాడు. "బండి ఒక రోజు ఒగ్గీండమ్మా, మేమే బిగించేత్తాం."

ఇంటికొచ్చి చెబితే బావ మండిపడ్డాడు. "నా బండి మీద పరాయోడి సెయ్యి పడ్డానికి ఒప్పుకోను."

"మరి నువ్వు బిగిస్తావా?"

చేతులకేసి చూసుకున్నాడు. ఎడం చేత్తో బరువు ఎత్తకూడదు, కుడిచెయ్యి గ్లాసు పట్టుకున్నా వణుకుతుంది. నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తలెత్తి నా చేతులకేసి చూశాడు. "నీకు సేతులు నేవేటి?"

డిసెంబరు 9, మంగళవారం

మంచు. వెళ్లలేదు. కారు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, అంతే… మనిషి లేవలేదు.

డిసెంబరు 10, బుధవారం

మొదలుపెట్టాం. బావ ప్లాస్టిక్ కుర్చీలో, కొబ్బరిచెట్టు నీడలో. నేను ఇసకలో గోనెపట్టా పరుచుకుని బంపర్ కింద.

"ముందు బ్యాటరీ మైనస్ తీసీ. తియ్యకపోతే నిప్పులు రేగుతాయి."

"తీశాను."

"తీసినాకే సెప్పు. తీత్తానని సెప్పకు."

మహానుభావుడు. బోల్టు తుప్పు పట్టి రాకపోతే కొబ్బరినూనె పోయమంటాడు. పోస్తే ఎక్కువ పోశానంటాడు. స్పానరు జారి వేలి చర్మం లేచిపోతే మాత్రం కుర్చీలోంచి సగం లేచాడు. "సూడనీ… ఇటు సూడనీ."

డ్రైవింగ్ నేర్పినప్పుడూ ఇంతే. పక్క సీట్లో కూర్చుని తన కాలితో లేని బ్రేకు తొక్కేవాడు. ఒక రోజు నడిరోడ్డు మీద కారాపి, "నువ్వు వెనక్కి పో" అన్నాను. అప్పటి నుంచీ వెనక సీటే అతనిది. మిషన్ మీంచి దిగాక తల తిరుగుతుంది కాబట్టి పడుకోవడానికీ అదే బాగుంది. వెనక పడుకుని కూడా "గేరు, గేరు" అంటాడు.

ఇవాళ ఆ కుర్చీలో ఉన్నంతసేపూ రోగిలా లేడు. యజమానిలా ఉన్నాడు. ఈ లైట్లు బిగించడం ఎన్నాళ్లు పట్టినా బాగుండు అనిపించింది. అంతలోనే మంగళవారం మానేసిన టర్ను గుర్తొచ్చింది.

డిసెంబరు 11, గురువారం

మంచు లేదు. వెళ్లాం.

డిసెంబరు 12, శుక్రవారం

లైట్లు రెండూ బంపర్ కింద కూర్చున్నాయి. చూడ్డానికి కారుకి ముక్కుపుడకలు పెట్టినట్టుంది. వైర్లు ఇంజను పక్కనుంచి తీసుకొచ్చి, డాష్‌బోర్డు కిందకి దూర్చాను. మోచేతుల దాకా గ్రీజు.

ఇంక రిలే ఒక్కటే. పెట్టెలో చూస్తే లేదు. అట్టలన్నీ దులిపాను. ఇసకలో జల్లించాను. అత్త చీపురు పట్టుకుని వాకిలంతా వెతికింది.

"అది నేకుండా కలిపితే స్విచ్చి కాలిపోద్ది" అన్నాడు బావ.

"షాపువాడు పెట్టలేదన్నమాట! నా ముందు చూపించి, మళ్లీ తీసేశాడు."

"పోనీలే. ఒగ్గీ. తొందరేటి?"

తొందరేటట!

డిసెంబరు 13, శనివారం

మంచు. ముఖం గోడవైపు. రెండో టర్ను పోయింది. కాళ్లు చూశాను, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

కాశీబుగ్గ వెళ్లి షాపతన్ని నలుగురిలో కడిగేశాను. "మీ కళ్లముందే పెట్టినానమ్మా" అంటాడు. "నా కళ్లేం మూసుకుపోయాయా? మా ఇంట్లో మనిషి ఊపిరాడక పడి ఉన్నాడు, మీకు ఆటలుగా ఉందా?" అని అరిచాను. పక్క షాపుల వాళ్లంతా బయటికొచ్చారు. స్టాకు లేదు, సోమవారం తెప్పిస్తానన్నాడు.

డిసెంబరు 14, ఆదివారం

తలగడ గలీబులు ఉతుకుదామని విప్పాను. బావ తలగడలోంచి జారి నేల మీద పడింది. నల్ల డబ్బా. రిలే.

కాసేపు నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఇది ఇక్కడికెలా వచ్చింది అనుకున్నాను. తర్వాత చూస్తే బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయేవాడి కళ్లు కాదు.

"ఇదేటి బావా?"

"నిన్నే. ఇదేటి?"

"ఆ లైట్లు ఎలిగితే నాను మళ్లీ ఎల్లాల."

"వెళ్లాలి. మరి?"

"అలిసిపోనాను, దమయంతీ." కళ్లు తెరవలేదు. "మంచులో నీకేటన్నా అవుద్దని భయమే. అబద్ధం కాదు. గానీ అదొక్కటే కాదు. ఆ సూదులు, ఆ మంచం, దిగినాక ఆ నీరసం… తెల్లారి లేచి మంచు సూత్తే నాకెంత సంతోసమో తెలుసా? బడికి సెలవిచ్చినట్టు ఉంతాది."

నేనేమన్నానో అంతా గుర్తులేదు. అరిచాను. నీకు సెలవైతే నాకేంటి, ఆ సెలవులో నేనెక్కడికి పోవాలి అన్నాను. బంపర్ కింద పడి వేళ్లు కొట్టుకున్నది ఎవరి కోసం అన్నాను. దొంగా అన్నాను. తప్పు చేయనివాణ్ని నాలుగు షాపుల ముందు తిట్టించావు కదరా అన్నాను — మొగుణ్ని "రా" అన్నాను, అత్త వింటుండగా. ఆ తర్వాత ఆవుల సాల వెనక్కి పోయి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, వినబడితే వినబడనీ అని.

నాకు తెలుసు, అతను అన్నది నిజం. అంత కష్టం పడుతున్నాడు. తెలిసీ నేను వదల్లేను. వదలడం నాకు రాదు.

అత్త కొడుకు ఉబ్బిన పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం టీ ఇస్తే — సగం గ్లాసే ఇవ్వాలి, నీళ్లకీ లెక్కే — తాగి గ్లాసు కింద పెట్టాడు. చెయ్యి చాచాడు.

"ఇటు తే ఆ డబ్బా. దానికి నాలుగు కాళ్లుంతాయి. ఏ కాలుకి ఏ వైరో నీకేటి తెలుసు?"

డిసెంబరు 15, సోమవారం

కలిపాను. ఒక్కో వైరూ చెప్పించుకుని, రెండోసారి చెప్పించుకుని మరీ కలిపాను. స్విచ్చి నొక్కితే ఏమీ లేదు. చచ్చినట్టు ఉన్నాయి రెండూ.

బావ మాత్రం నవ్వుతున్నాడు. "ఎర్త్ ఎక్కడ బిగించినావు?" చూపించాను. "సముద్రం గాలికి ఆ రేకంతా తుప్పే. రంగు కింద దాక్కుంతాది. ఇసక కాగితం పెట్టి మెరుపొచ్చినదాకా రుద్దు."

రుద్దాను. మెరిసింది. బిగించాను. నొక్కాను.

వెలిగాయి! పట్టపగలు కూడా పసుపుగా, దీపాల్లా వెలిగాయి. నేను కేక పెట్టాను. అత్త లోపల్నుంచి పసుపు, కుంకుమ గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. లైట్ల అద్దాల మీదే బొట్లు పెట్టబోతే బావ కుర్చీలోంచి "ఓలమ్మ, అద్దానికి కాదే! బంపర్‌కి పెట్టు, బంపర్‌కి!" అని గోల. నవ్వీ నవ్వీ ముగ్గురికీ ఆయాసం వచ్చింది. అతనికి ఎక్కువ వచ్చింది. ఆగిపోయాం.

పొద్దుగూకాక లైట్ల ఎత్తు సరిచేశాం. కారు ఆవుల సాల గోడకి ఎదురుగా నిలబెట్టాను. లైటు ఎత్తు కర్రతో కొలిచి, దానికి బెత్తెడు కిందగా గోడ మీద గీత గియ్యమన్నాడు. సుద్దముక్క దొరకలేదు. రేపటినుంచి నెల ముగ్గులు కదా అని అత్త తడిపి పెట్టిన ముగ్గుపిండి ఉంది, అందులో వేళ్లు ముంచి గీశాను. అలికిన మట్టిగోడ మీద తెల్లగా బాగా కనబడింది. చెయ్యి ఊరుకోక గీత చివర ఒక పువ్వు కూడా వేశాను.

"గీత గియ్యమంటే ముగ్గేసినావేటే?"

"నా గోడ. నా ఇష్టం."

వెలుగు పై అంచు ఆ గీతకి తగలాలి. దాటకూడదు. దాటితే మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుందట. "మంచుని కోసుకుంటూ పోదామనుకోకు. అంచు కనబడితే సాలు. అంచు పట్టుకుని పో."

నేను మర తిప్పబోతే ఆపాడు. "కాళీ బండితో కొలిత్తే లాభం నేదు. ఈ బండి ఎప్పుడెల్తాది? నన్నేసుకుని ఎల్తాది. నాను ఎక్కినాక సూడు." లేచి, కారు పట్టుకుని పట్టుకుని వెళ్లి వెనక సీట్లో ఎప్పటిలాగే ఒరిగాడు. కారు వెనక్కి దిగింది. గోడ మీద వెలుగు పైకి పాకింది, గీత దాటి పోయింది. ఒక్కో లైటు దగ్గర కూర్చుని మర తిప్పుతూ కిందికి దించాను.

"ఆపు. అదీ."

సరిగ్గా గీత మీద. పువ్వు మీద కూడా.

"నాను దిగిపోతే ఎలుతురు మళ్లీ కిందికి పడిపోద్ది, సూసుకో. దగ్గర్లోనే పడతాది, దారి సాలదు. అప్పుడు ఈ మర కుడి పక్కకి కాసింత తిప్పుకోవాల. గుర్తెట్టుకో."

"ఆసుపత్రి దగ్గర తప్ప నిన్నెక్కడా దిగనివ్వను" అన్నాను.

డిసెంబరు 16, మంగళవారం

మంచు. మంచం దగ్గరికెళ్లి నిలబడ్డాను. లేచి కూర్చున్నాడు. చొక్కా అడిగాడు.

పసుపు వెలుగు నేల మీద పరుచుకుని పోతోంది. పైనంతా తెల్లగానే ఉంది, కానీ కింద రోడ్డు అంచు కనబడుతోంది. అంచున గడ్డి, గడ్డి మీద నీళ్లు. కల్వర్టు ఎంతో ముందే కనబడింది. వెనక నుంచి బావ "ఎడం పక్కకి… అదీ" అన్నాడు. అన్నాక కాసేపటికి, తనలో తనే — "బాగా బిగించినావే."

వేళకే చేరాం. నర్సమ్మ "ఏటండీ, ఈయాల బేగి వచ్చీసినారు!" అంది. మిషన్‌కి కలిపే ముందు ఆ ఎడం చేతి మీద, సూదుల కోసం ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చోట, నా చెయ్యి పెట్టి చూశాను. లోపల జుమ్మని నెత్తురు పరుగు. తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు. డాక్టరు రోజూ చూసుకోమన్నారు. నేను అందుకే చూస్తున్నానని బావ అనుకుంటాడు.

డిసెంబరు 18, గురువారం

తిరుగుదారిలో లైట్ల షాపు దగ్గర ఆపాను. దిగి చెప్పాను, తప్పు మాదేనని, డబ్బా ఇంట్లోనే దొరికిందని. ఎక్కడ దొరికిందో చెప్పలేదు. "పోన్లెండమ్మా. లైట్లు ఎలుగుతున్నాయా?" అన్నాడు. కారు కిటికీలోంచి బావ చెయ్యి ఊపాడు.

డిసెంబరు 23, మంగళవారం

మంచు. వెళ్లాం.

డిసెంబరు 25, గురువారం

మంచు. వెళ్లాం. పాదాల వాపు తగ్గింది. చెప్పులు పడుతున్నాయి.

డిసెంబరు 28, ఆదివారం

కాయ దింపారు. వాకిలంతా కొబ్బరిబొండాలు. బావ ఒకటి ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు.

"ఒక్క గుక్క."

"చంపేస్తాను. డాక్టరు ఏమన్నారు? గుండె ఆగిపోతుందన్నారు."

"నాన్న నాటిన సెట్టు. ఒక్క గుక్క కూడా నేదేటే?"

"లేదు."

లాక్కుని అత్తకిచ్చాను. అత్త తాగలేదు. పక్కన పెట్టేసింది.

జనవరి 15, గురువారం

పండగ పూట కూడా టర్నే. మిషన్‌కి పండగేంటి. రమ్య కూడా మాతో వచ్చింది. ముందు సీట్లో కూర్చుని, మంచులో లైట్లు చూసి "అమ్మా, ఇవి నువ్వు బిగించావా, నిజంగా?" అని అడిగింది. వెనక నుంచి సమాధానం — "నాను బిగించినాను. మీయమ్మ సేతులతో."

జనవరి 17, శనివారం

వెళ్లాం. దిగాక ఎప్పటికన్నా నీరసం. ఇంటికొచ్చి కుర్చీ కారు పక్కన వేయించుకుని కూర్చున్నాడు. లైట్ల అద్దాలు గుడ్డతో తుడిచాడు, ఒకటి తుడిచి చాలాసేపు ఆగి, రెండోది.

జనవరి 19, సోమవారం

మంచు లేదు.

జనవరి 20, మంగళవారం

టర్ను రోజు. తెల్లారకముందే లేచాను. చొక్కా తీసి మంచం మీద పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది.

జనవరి 24, శనివారం

రాస్తాను. రాయకపోతే ఇది లోపలే కుళ్లిపోతుంది.

సోమవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఊపిరి అందడం లేదన్నాడు. అత్తా నేనూ పట్టుకుని వెనక సీట్లో పడుకోబెట్టాం. నేను నడిపాను. ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. ప్రతి చెట్టూ కనబడింది, ప్రతి జీడిచెట్టూ, ప్రతి మలుపూ, ఆ కల్వర్టు… అన్నీ ఎంత స్పష్టంగా కనబడ్డాయో. ఆ లైట్లకి ఏం పని లేదు. అంత కష్టపడి, అంత ఏడ్చి, అంత అరిచి బిగించుకున్న లైట్లు, ఆ రోజు వాటితో ఏమీ పని లేదు.

హారన్ మీద చెయ్యి తియ్యకుండా పోనిచ్చాను. వెనక నుంచి "మెల్లగా" అన్నాడు. ఆ తర్వాత గేరు అనలేదు, ఎడం పక్క అనలేదు. "బావా" అంటే పలకలేదు. అద్దంలో చూడలేదు. చూస్తే కారు ఆపాలి, ఆపితే…

ఆసుపత్రి గేటు లోపల ఆపి, వెనక తలుపు తీసి, ఎడం చేతి మీద చెయ్యి పెట్టాను. జుమ్మనడం లేదు.

జనవరి 29, గురువారం

పదకొండో రోజు. చుట్టాలంతా వచ్చారు. అన్నం, కూరలు, అతనికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టారు. పక్కన కొబ్బరిబొండం, మూతి కొట్టి. అడిగినప్పుడు గుక్క ఇవ్వలేదు. ఇప్పుడు కాయంతా ఎదురుగా పెట్టాం. నాకు ఆ విస్తరి ముందు కూర్చోవడం చేతకాలేదు. లేచిపోయాను. ఏమనుకున్నా అనుకోనీ.

ఇల్లంతా కడిగి అలుకుతున్నారు. ఎవరో పేడ బకెట్టు పట్టుకుని సాల గోడ దగ్గరికి వెళ్లింది. నేను అరిచేలోపే అత్త వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడింది. "ఈ గోడ ముట్టుకోకండి." "అదేటమ్మా, శుద్ధి సెయ్యాల కదా?" "ముట్టుకోకండంతన్నాను."

వాకిట్లో ముగ్గు లేదు. గోడ మీద ఉంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

తెల్లారకముందే మెలకువ వస్తోంది. మంచు చూస్తున్నాను. సెలవిచ్చినట్టు ఉంటుందన్నాడు. నాకు అలా లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

జోగారావు మావ వచ్చాడు, పక్కింటి మావ. గుమ్మం దగ్గర కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. సీతమ్మత్తకి — అతని భార్యకి — కూడా కిడ్నీలు పోయాయని చలికాలం మొదట్లోనే తెలిసింది. ఖాళీ లేక వేరే ఊరు తిప్పుతున్నారు. ఇప్పుడు పలాసలోనే ఇచ్చారట.

"మొదటి షిఫ్టు. మంగళ, గురు, శని."

ఆయన తల ఎత్తలేదు. ఇద్దరికీ తెలుసు ఆ ఖాళీ ఎవరిదో.

"ఈ శనివారం నుంచి రమ్మన్నారు. మంచులో ఆటోవోడెవుడూ రానన్నాడమ్మా. నీ బండికి లైట్లున్నాయి…"

లోపల్నుంచి మా పిన్ని ఒకామె, పదకొండో రోజుకి వచ్చి ఇంకా ఉన్నామె — "దాని మొగుడు పోయి నెలైనా అవనేదు. తెల్లారగట్ల అది ఎదురొత్తే మీకే మంచిది కాదు" అంది. జోగారావు మావ లేచాడు. "మా ఆడదానికి శకునాలు పట్టవమ్మా. ఊపిరి పడితే సాలు." వెళ్లిపోయాడు. నేను వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

అత్త అంది — "సీత బక్క మనిషే. పడుకోబెట్టి తీసుకెల్లు." అంతే అంది. పొయ్యి ఊదుతూ, నాకేసి చూడకుండా.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రమ్య హాస్టల్ నుంచి వచ్చింది. పొద్దుగూకాక ఇద్దరం కారు సాల గోడకి ఎదురుగా పెట్టాం. స్విచ్చి నొక్కాను. ఆ రోజు తర్వాత మొదటిసారి.

వెలుగు గీతని అందుకోలేదు. మూడు వేళ్లు కింద ఆగిపోయింది. గీతా, పువ్వూ పైన చీకట్లో ఉన్నాయి. అతను చెప్పినట్టే. నాను దిగిపోతే కిందికి పడిపోద్ది…

రమ్య స్క్రూడ్రైవరు తెచ్చి చేతికిచ్చింది. "కుడికే కదా, నాన్న చెప్పింది?"

కుడికే. లైటు దగ్గర కూర్చుని మరలో పెట్టాను. తిప్పలేకపోయాను.

"పోనీ నేను వెనక కూర్చుంటానుండు" అని రమ్య వెళ్లి, నాన్నలాగే ఒరిగింది. కారు కొంచెం దిగింది. వెలుగు గోడ మీద పైకి పాకింది, పాకింది… గీతకి వేలు దూరంలో ఆగింది. నేను గుండె పట్టుకుని చూస్తున్నాను, ఇంకొంచెం, ఇంకొంచెం అని. ఆగిపోయింది.

"చాలడం లేదా అమ్మా?"

"దిగు" అన్నాను. "దిగమ్మా, దిగు." ఎందుకలా అరిచానో. అది దిగి వచ్చి నన్ను పట్టుకుంది. ఇద్దరం ఆ పసుపు వెలుగులో కూర్చుని ఏడ్చాం. బావ పోయాక దానితో కలిసి ఏడవడం ఇదే మొదలు.

సీతమ్మత్త రమ్య కంటే కూడా బక్కగా ఉంటుంది. తిప్పాల్సిందే. తిప్పకపోతే వెలుగు దగ్గరే పడుతుంది, కల్వర్టు ఆలస్యంగా కనబడుతుంది. ఆ మనిషి ప్రాణం నా చేతిలో పెడుతున్నారు, నాకు తెలుసు. కానీ తిప్పితే బావ కారులో లేకపోయినా వెలుగు ఆ గీత మీదికి వచ్చేస్తుంది. వచ్చి, ఏమీ జరగనట్టు నిలబడుతుంది. అది నేను చూడాలి.

జోగారావు మావ ఇంట్లో దీపం వెలుగుతోంది. రేపటికి సంచీ సర్దుకుంటున్నారు కాబోలు. నేను వస్తానని ఇంకా చెప్పలేదు, అయినా సర్దుకుంటున్నారు. కొబ్బరిచెట్ల తలలు అప్పుడే కనబడటం లేదు. పొద్దున్నకి బాగా దిగుతుంది మంచు.

వెనక సీటు తుడిచాను. మర ఇంకా తిప్పలేదు. పొద్దున్న చేతికందేలా స్క్రూడ్రైవరు డాష్‌బోర్డు మీద పెట్టి వచ్చాను.